ప్లేగు సమాధుల మీద వెలసిన సావ్ రోక్

1505లో లిస్బన్ మీద ప్లేగు విరుచుకుపడింది. శవాలను పూడ్చడానికి ఊళ్లో చోటు చాలలేదు. కోట గోడ బయట, కొండ మీద కొత్త శ్మశానం తీశారు. రాజు మనుయెల్ వెనిస్‌కు కబురంపాడు. ప్లేగు నుంచి కాపాడతాడని యూరప్ అంతా మొక్కే పునీత రోక్ అస్థికలు అప్పటికి వెనిస్‌లో ఉన్నాయి. వాటిలోంచి ఒక చిన్న అవశేషం ఇప్పించమని రాజు వేడుకోలు. అది వచ్చాక జనం ఊరేగింపుగా కొండ మీదికి తెచ్చి, 1506లో ఆ సమాధుల పక్కనే ఒక చిన్న గుడి కట్టుకున్నారు. మశూచి తగిలిన ఏడు మన పల్లెలు పొలిమేరలో పోలేరమ్మకు మొక్కుకున్నట్టే, లిస్బన్ కూడా తన భయాన్ని ఊరి వెలుపలికి మోసుకెళ్లి అక్కడ దేవుడి ముందు దించుకుంది.

ఆ పొలిమేర ఇవాళ ఊరి నడిబొడ్డు. బైర్రు ఆల్టు వీధులు మొదలయ్యే చోట, ట్రాములూ పర్యాటకులూ తెగని చౌకులో సావ్ రోక్ చర్చి నిలబడి ఉంది. ముఖం చూస్తే ఏ గొప్పా కనిపించదు. సాదా గోడ, కిటికీలు, పైన ముక్కోణపు కప్పు. లిస్బన్ వెళ్లిన మనవాళ్లు నది ఒడ్డున జెరోనిమోస్ మఠం చూసి, వాస్కో డ గామా సమాధి దగ్గర ఫొటో దిగి, ఈ గోడ పక్కనుంచి నడిచి వెళ్లిపోతారు. ఆ గోడ వెనకే భారతదేశపు చరిత్రలో ఒక పెద్ద ముక్క ఉందని వాళ్లకు చెప్పేవారుండరు. మన నేలతో ముడిపడిన చరిత్ర కావాలంటే లిస్బన్‌లో ముందు చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఉపదేశం కోసం కట్టిన ఇల్లు

1540లో పోప్ ఆమోదంతో యేసు సభ పుట్టింది. దాని సభ్యులనే జెస్యూట్లు అంటారు. అదే ఏడాది పోర్చుగల్ రాజు మూడో జువావ్ పిలుపు మీద ఇద్దరు సభ్యులు లిస్బన్ చేరారు. ఒకరు సిమావ్ రోద్రిగెష్, మరొకరు ఫ్రాన్సిస్ జేవియర్. ఇద్దరూ తూర్పుకు వెళ్లాల్సినవారే. రాజు రోద్రిగెష్‌ను తన దగ్గరే ఆపేసుకున్నాడు. జేవియర్ 1541 ఏప్రిల్ 7న, సరిగ్గా తన 35వ పుట్టినరోజున ఓడెక్కి, మరుసటి ఏడు మే 6న గోవాలో దిగాడు. మళ్లీ యూరప్ చూడలేదు. 1552 డిసెంబర్‌లో చైనా తీరంలోని ఒక చిన్న దీవిలో కన్నుమూశాడు. పది నెలల తర్వాత, 1553 అక్టోబర్‌లో, జెస్యూట్లకు ఈ కొండ మీది గుడి దక్కింది. అంటే ఏ చర్చిలో ఆయన జీవితం గోడ నిండా బొమ్మలై ఉందో, ఆ చర్చిలో ఆయన ఎన్నడూ అడుగు పెట్టలేదు.

గుడి చేతులు మారడం అంత సులువుగా జరగలేదు. పునీత రోక్ పేరిట అప్పటికే ఒక భక్త సమాజం ఉంది. ప్లేగులో పుట్టిన తమ గుడిని కొత్తగా వచ్చిన గురువులకు అప్పగించడం వాళ్లకు ఇష్టం లేదు. కొత్త చర్చి ఎంత పెద్దది కట్టినా అందులో రోక్ పేరిట ఒక మందిరం ఉండాలన్న ఒప్పందం మీదే దిగివచ్చారు. ఆ మాట ఇప్పటికీ చెల్లుతోంది. కుడివైపు ఆ మందిరంలో తొడ మీద ప్లేగు పుండుతో రోక్, ఆయనకు రొట్టె తెచ్చిపెట్టిన కుక్కతో సహా ఉన్నాడు. చుట్టూ గోడలకు నీలం, పసుపు రంగుల పింగాణీ పలకలు. వాటి మీద ఫ్రాన్సిస్కు ద మాతుష్ తన పేరూ, 1584 అనే సంవత్సరమూ రాసుకున్నాడు. కుమ్మరి పని చేసినవాళ్లు తమ పేరు రాసుకోవడం ఆ కాలంలో అరుదు. అందుకే ఆ అక్షరాల ముందు కాసేపు ఆగాలి.

లోపల స్తంభాలు లేవు. ఒకటే విశాలమైన హాలు, రెండు వైపులా మందిరాలు. దీనికో కారణం ఉంది. జెస్యూట్లకు ఉపదేశం ప్రాణం. ఎక్కడ కూర్చున్నవాడికైనా బోధకుడు కనిపించాలి, మాట వినిపించాలి. 17వ శతాబ్దపు పోర్చుగీసు వచనానికి శిఖరమనిపించుకున్న అంతోనియు వియేయిర ఇక్కడి వేదిక ఎక్కి ప్రసంగాలు చేశాడు. అయితే స్తంభాలు తీసేస్తే కప్పును మోసేదెవరు? అంత పొడవాటి దూలాలు పోర్చుగల్‌లో దొరకక ప్రష్యా నుంచి తెప్పించారు. ఆ కలప కింద చదునైన చెక్క పైకప్పు వేశారు. దాని మీద ఫ్రాన్సిస్కు వెనేగష్ కుంచె పట్టి, లేని గుమ్మటాలను, లేని కమానులను నిజమనిపించేలా గీశాడు. తల పైకెత్తి చూస్తే చర్చి ఇంకా పైకి లేస్తున్నట్టే ఉంటుంది. ఈ కోవకు చెందిన పైకప్పుల్లో లిస్బన్‌లో మిగిలింది ఇదొక్కటే. 1755 నవంబర్ 1న, సర్వ పునీతుల పండుగ ఉదయం జనమంతా చర్చిల్లో ఉండగా వచ్చిన భూకంపం దిగువ ఊరిని నేలమట్టం చేసింది. కొండ మీది సావ్ రోక్ మాత్రం పెద్ద దెబ్బ తినకుండా బయటపడింది.

ఈ హాలులో కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చేది 1584 ఆగస్టు. జపాన్ నుంచి బయల్దేరి, గోవా మీదుగా రెండేళ్లకు పైగా సముద్రాల మీద గడిపిన నలుగురు కుర్రాళ్లు లిస్బన్ చేరి, జెస్యూట్ల అతిథులుగా ఇక్కడే బస చేశారు. యూరప్ చూసిన తొలి జపాన్ రాయబార బృందం వాళ్లది. గోడలకు పింగాణీ పలకలు ఎక్కుతున్నది కూడా అదే ఏడాది. పనివాళ్లు మట్టి చేతులతో ఆగి ఆ కిమోనోలను వింతగా చూసి ఉంటారని ఊహించుకుంటాను.

రోమ్‌లో కట్టి ఓడలో తెచ్చిన మందిరం

పర్యాటకులు గుంపుగా నిలబడేది ఎడమవైపు, పీఠానికి దగ్గరున్న బాప్తీస్మ యోహాను మందిరం దగ్గర. గుంపు ఊరికే చేరలేదు. 1742లో రాజు ఐదో జువావ్ దీన్ని రోమ్‌లో పురమాయించాడు. నమూనా గీసింది లుయీజి వాన్వితెల్లి, నికోలా సాల్వి. రోమ్‌లో అందరూ నాణేలు విసిరే ట్రేవి ఫౌంటెన్ శిల్పి ఈ సాల్వియే. నీలపు లాజవర్ద రాయి, అకీకు, జేడు, ఊదారంగు పోర్ఫిరీ, కరారా పాలరాయి, బంగారు పూత పూసిన కంచు… ఇటలీలో దొరికే విలువైన రాయి ఏదీ వదల్లేదు. మందిరాన్ని రోమ్‌లోనే పూర్తిగా నిలబెట్టారు. 1747 మే 6న పోప్ పద్నాలుగో బెనెడిక్ట్ అందులో స్వయంగా పూజ చేశాడు. ఆ తర్వాత రాయి రాయి విప్పి, పెట్టెల్లో సర్ది, మూడు ఓడల్లో లిస్బన్ పంపి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు.

గోడల మీద క్రీస్తు బాప్తీస్మం, మరియమ్మకు దేవదూత వార్త, పవిత్రాత్మ దిగిరావడం కనిపిస్తాయి. ఎంత దగ్గరికెళ్లినా తైలవర్ణ చిత్రాలనే అనిపిస్తుంది. కానీ అవి మొజాయిక్. అగొస్తీనో మసూచి గీసిన చిత్రాలను చూస్తూ మత్తియా మొరెత్తి చిన్న చిన్న ముక్కలు పేర్చి చేశాడు. ఆ పని 1752 దాకా సాగింది. రాజు 1750లోనే చనిపోయాడు. ఆ కాలానికి యూరప్ మొత్తంలో ఇంత ఖరీదైన మందిరం మరొకటి లేదంటారు. దాన్ని పురమాయించినవాడు దాన్ని పూర్తి రూపంలో చూడనేలేదు.

ఈ మందిరం పనితనాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. ఆ మొజాయిక్ ముందు ఎవరైనా చేతులు జోడించాల్సిందే. కానీ ఇది నన్ను కదిలించలేదు. డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న ఇక్కడ తప్పించుకోలేనిది. బ్రెజిల్ గనుల బంగారం, వజ్రాలు లిస్బన్‌కు ఓడలకొద్దీ వస్తున్న కాలమది. వాటిని తవ్వింది ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన బానిసలు. చౌకులోకి వస్తే ఇదే ప్రశ్న కంచులో నిలబడి ఉంటుంది. 2017లో అక్కడ వియేయిర విగ్రహం పెట్టారు, చుట్టూ బ్రెజిల్ ఆదివాసీ పిల్లలతో. ఆదివాసులను బానిసలుగా పట్టుకునే వలసదారులతో ఆయన జీవితాంతం తలపడ్డ మాట నిజం. ఆఫ్రికన్ల బానిసత్వాన్ని మాత్రం అలా ఎదిరించలేదన్నదీ నిజమే. 2020 జూన్‌లో ఎవరో ఆ విగ్రహం మీద ఎర్ర రంగు చల్లారు. రంగు కడిగేశారు, వాదన మిగిలింది. సావ్ రోక్ చూడటానికి వచ్చినవారు మందిరాన్నీ, విగ్రహాన్నీ రెండింటినీ చూసి వెళ్లాలి, ఒకదాన్ని చూసి మరొకదాన్ని వదిలేయడం న్యాయం కాదు.

శౌరి జీవితం ఇరవై చిత్రాల్లో

నా మటుకు సావ్ రోక్ గుండెకాయ గురువులు పూజావస్త్రాలు ధరించే గదిలో ఉంది. చాలామంది అటు తొంగిచూడరు. రెండు వైపులా నల్లచేవ, శీశం వంటి కలపతో చేసి దంతపు ముక్కలు పొదిగిన పొడవాటి సొరుగుల బల్లలు. వాటి పైన గోడ నిండా వరుసలుగా చిత్రాలు. అడుగు వరుసలోని ఇరవై చిత్రాలు జేవియర్ జీవితం. 1619 ప్రాంతంలో అంద్రె రెయినోజు, అతని సహాయకులు గీశారు. ఆ ఏడాదే రోమ్ జేవియర్‌ను ధన్యజీవిగా ప్రకటించింది. 1622లో పునీతుడి పట్టం కట్టింది. ఈ బొమ్మలు భక్తి కోసమే కాదు, ఆ పట్టం కోసం కూడా. జేవియర్ చేశాడని జనం చెప్పుకునే పనులన్నిటికీ ఇవి రంగుల్లో రాసిన సాక్ష్యం.

ఒక చిత్రంలో ఆయన గోవాలో ఉపదేశం చేస్తుంటాడు. లిస్బన్ చిత్రకారుడు ఊహించుకున్న గోవా అది. మరొకదాంట్లో రాజు దగ్గర సెలవు తీసుకుంటున్నాడు. బొమ్మలు పెద్దవి కావు, మనిషి కంటికి అందే ఎత్తులోనే ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ నడుస్తుంటే కథ చదువుతున్నట్టే ఉంటుంది. ప్రధాన హాలులోని బంగారు తాపడం కన్నా ఈ గదిలోని ముదురు రంగులే నాతో ఎక్కువ మాట్లాడాయి.

తెలుగువాళ్లకు ఈయన పరాయివాడు కాడు. మన కతోలిక ఇళ్లలో శౌరి, శౌరయ్య, శౌరమ్మ అన్న పేర్లు ఆయన పేరు నుంచి వచ్చినవే. ఇన్నయ్య, ఇన్నాసమ్మ అన్నవి సభను స్థాపించిన ఇగ్నేషియస్‌వి. కానీ జేవియర్ బతికున్న కాలంలో తెలుగువాళ్లతో ఆయన పరిచయం సౌమ్యంగా జరగలేదు. 1544లో ఆయన కన్యాకుమారి దగ్గర పరవ జాలరుల మధ్య ఉన్నప్పుడు, విజయనగరం తరఫున వచ్చిన సేనలు ఆ తీరం మీద పడ్డాయి. ఆయన ఉత్తరాల్లో వీళ్లు బడగలు. తమిళులు వడుగర్ అనే ఆ ఉత్తరాదివాళ్లు తెలుగు మాట్లాడే దండులే. రాళ్ల దీవుల మీద తలదాచుకుని తిండీ నీళ్లూ లేక అల్లాడుతున్న జాలరుల కోసం శౌరి పడవలు తీసుకుని పరుగెత్తాడు. ఆయన లేఖల్లో మన పూర్వీకులు దాడి చేసే గుర్రపు రౌతులు. అది కూడా మన చరిత్రే.

మ్యూజియం గదుల్లో

1759లో ప్రధాని పొంబాల్ పోర్చుగల్ నుంచి జెస్యూట్లను వెళ్లగొట్టాడు. అంతకు ముందు ఏడాది రాజు మీద జరిగిన హత్యాయత్నంలో వాళ్ల చెయ్యి ఉందన్నది ఆరోపణ. రెండు శతాబ్దాల పైబడి వాళ్లు బతికిన భవనం ఖాళీ అయింది. 1768లో దాన్ని లిస్బన్ మిజెరికోర్దియ సంస్థకు ఇచ్చారు. 1498లో రాణి లియోనోర్ ఆదరణతో పుట్టిన దానధర్మ సంస్థ ఇది. వాస్కో డ గామా కాలికట్ చేరిన ఏడాది కూడా అదే. భూకంపంలో సొంత చర్చిని పోగొట్టుకున్న ఈ సంస్థే ఇప్పటికీ సావ్ రోక్ యజమాని. 1905 జనవరిలో బాప్తీస్మ యోహాను మందిరపు సామగ్రిని ప్రజలకు చూపడానికి ఇక్కడ మ్యూజియం తెరిచారు. విస్తరించి కొత్త రూపంలో 2008లో మళ్లీ తలుపులు తీశారు.

మొదట పాత గుడి కాలపు బొమ్మలు. రోక్ జీవితాన్ని చెప్పే నాలుగు చెక్క పలకల చిత్రాలు, 1520 ప్రాంతానివి. తర్వాత జెస్యూట్ల కాలం. వియన్నా, ప్రాగ్‌లలో రాయబారిగా పనిచేసిన జువావ్ ద బోర్జ ఇచ్చిన పవిత్రావశేషాలకు చేసిన భరిణెలు ఇక్కడ చాలా ఉన్నాయి. చేతి ఎముకకు చెయ్యి ఆకారం, తలకు తల ఆకారం. అలవాటు లేని కంటికి వింతగా ఉండొచ్చు గానీ, ఆ వెండి పని మీద చూపు నిలిపితే భయం పోతుంది. యోహాను మందిరపు వెండి, జరీ పూజావస్త్రాల గదికి వేరే విలువ ఉంది. 1797 తర్వాత నెపోలియన్‌కు చెల్లించాల్సిన సొమ్ము కోసం రోమ్ చర్చిల వెండి చాలావరకు కరిగిపోయింది. ఆ కాలపు రోమన్ కంసాలుల పని ఇంత పెద్ద మొత్తంలో ఒకేచోట మిగిలింది లిస్బన్‌లోనే.

నేను ఎక్కువసేపు ఉండిపోయింది తూర్పు దేశాల గదిలో. భారత్, చైనా, జపాన్‌ల నుంచి ఓడల్లో వచ్చిన వస్తువులు: దంతపు ప్రతిమలు, ముత్యపు చిప్ప పని, లక్క పెట్టెలు, పట్టు మీద కుట్టుపని. ఈ కోవకు చెందిన దంతపు శిల్పాల్లో మంచి కాపరి బాలయేసు రూపం ఒకటి తరచుగా కనిపిస్తుంది. కొండ మీద కూర్చుని, చెంపకు చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఉంటాడు. యూరప్‌లో మంచి కాపరిని ఈ భంగిమలో చూపడం అరుదు. ధ్యానంలో ఉన్న దేవుణ్ణి చెక్కడం తరతరాలుగా తెలిసిన చేతులవి. గోవాలో హిందూ శిల్పులచేత క్రైస్తవ ప్రతిమలు చేయించరాదని 1567 నాటి చర్చి సభ ఆంక్ష పెట్టింది. ఆంక్ష పెట్టాల్సి వచ్చిందంటేనే పని ఎవరు చేస్తున్నారో తెలుస్తోంది. ట్రేవి శిల్పి పేరు తెలుసు, మొజాయిక్ చేసినవాడి పేరు తెలుసు, పింగాణీ పలకలవాడు సంతకమే పెట్టుకున్నాడు. దంతం చెక్కిన మనవాడి పేరు మాత్రం ఏ దస్తావేజులోనూ ఎక్కలేదు. యోహాను మందిరం ముందున్న జనంలో సగం మందైనా ఈ అద్దాల పెట్టెల ముందుకు రావాలి. ఈ సంగ్రహాలయంలో మనకు చెందిన గది ఇదే.

మరో సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మిజెరికోర్దియ చేతికి వచ్చాక ఈ ప్రాంగణంలోనే అనాథ శిశువుల ఆశ్రమం నడిచింది. గోడలో తిరిగే చక్రంలాంటి పెట్టె ఉండేది. పెంచలేని తల్లి పసిబిడ్డను అందులో పెట్టి, తన ముఖం కనిపించకుండా తిప్పి వెళ్లిపోయేది. చాలామంది బిడ్డతోపాటు ఒక గుర్తు ఉంచేవారు. రిబ్బను ముక్క, సగానికి కోసిన పేకముక్క, పేరు ఇది పెట్టండి అని రాసిన చీటీ. రెండో సగం తల్లి దగ్గర ఉండేది, ఎప్పుడైనా వచ్చి బిడ్డను అడగడానికి. ఆ గుర్తులను ఈ సంస్థ తన పత్రాల భాండాగారంలో నేటికీ దాచి ఉంచింది. శిశువుల పోషణ ఖర్చుకూ ఆసుపత్రికీ 1783లో రాణి అనుమతితో లాటరీ మొదలుపెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. చర్చి ముందు చౌకులో లాటరీ టికెట్లు అమ్మే మనిషి కంచు విగ్రహం అందుకే ఉంది.

చంద్రగిరిలో మనకు దక్కనివి

సావ్ రోక్ కట్టడం పూర్తవుతున్న రోజుల్లోనే జెస్యూట్లు తెలుగు రాజు గుమ్మం తొక్కారు. 1598లో మైలాపూరు నుంచి బయల్దేరి చంద్రగిరిలో వేంకటపతి దేవరాయలను కలిశారు. తిరుమల వేంకటేశ్వరుడి పరమ భక్తుడైన ఆ రాయలు వాళ్లను ఆదరించి, చర్చికి అనుమతి ఇచ్చాడు. ఆయనకు చిత్రకళ మీద మక్కువ. అది తెలిసి సభ తన చిత్రకారులను పంపింది. మొదట అలెగ్జాండర్ ఫ్రే అనే ఆంగ్లేయ బ్రదర్, తర్వాత ఇటలీకి చెందిన బార్తలోమియో ఫోంటెబోనా. రాజధాని వెల్లూరుకు మారాక ఫోంటెబోనా అక్కడి ఆస్థానంలో రాయల కోసం బొమ్మలు గీశాడు. తెలుగు రాజు, ఇటలీ కుంచె, బైబిలు కథలు. ఆ చిత్రాలు ఇవాళ ఒక్కటైనా ఉండి ఉంటే మన కళాచరిత్రలో ఒక కొత్త అధ్యాయమే ఉండేది. అవి మనకు దక్కలేదు. వాటి ఊసు మనకు చేరింది జెస్యూట్లు యూరప్‌కు రాసుకున్న ఉత్తరాల ద్వారానే.

18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్లు రాయలసీమ పల్లెల్లో తిరిగారు. వారిలో గాస్తోన్ కూర్దూ తెలుగు నేర్చుకుని నిఘంటువు కూర్చాడు. ఆ గురువులు వాడిన పూజాపాత్రలు, గంటలు, పాత ప్రతిమలు, ఊరి పేర్లు రాసుకున్న రిజిస్టర్లు ఏమైనా మిగిలి ఉంటే మన చర్చిల బీరువాల్లోనే ఉండాలి. కొత్త కాంక్రీటు చర్చి లేవగానే పాతది కూల్చి, చెక్క పీఠాన్ని వంటచెరకుకు, విరిగిన ప్రతిమను బావిలోకి పంపే ఊళ్లు మనకున్నాయి. లిస్బన్ మిజెరికోర్దియ రాజుల రత్నాలనూ దాచింది, పేద తల్లి రిబ్బను ముక్కనూ దాచింది. మనకు రత్నాలు లేకపోవచ్చు. మీ ఊరి చర్చిలో, గుడిలో, మసీదులో పాత వస్తువు ఏది ఉన్నా దాన్ని పారేసే ముందు ఒక ఫొటో తీయండి. ఎక్కడిది, ఎవరు చేశారు, ఎవరిచ్చారు అని పెద్దవాళ్లను అడిగి ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ఆ వస్తువును ఊళ్లోనే ఒక తాళం వేసిన గదిలో భద్రం చేయండి. ఇక లిస్బన్ వెళ్లేవారికి: చర్చిలోకి టికెట్ లేదు, మ్యూజియానికి ఉంది, సోమవారం మ్యూజియం సెలవు. పూజావస్త్రాల గదికీ, తూర్పు దేశాల గదికీ సమయం మిగుల్చుకుని వెళ్లండి.